జున్ను, బెల్లం, వంటింటి త్రాసు

గినీ పిగ్ అన్న మాట మనలో చాలామంది మొదట చదివింది తెలుగు పేపర్లోనే అయి ఉంటుంది. పేదవాళ్ళని గినీ పిగ్స్‌లా వాడుకుంటున్నారు అని ఏ మందుల ప్రయోగాల గురించో రాసినప్పుడు ఆ మాట కనబడేది. అసలు జంతువుని చూసింది మాత్రం అమెరికా వచ్చాక, అదీ పిల్లల స్కూల్లో. క్లాస్‌రూమ్‌లో ఒక మూల కేజ్, అందులో తోక లేకుండా, గుండ్రంగా, చిన్న దిండులా కూర్చున్న ప్రాణి. పిల్లలు దాన్ని చూసి ఇంటికొచ్చి మొదలుపెడతారు. అడిగే వరస కూడా మన ఇళ్ళన్నిటిలో ఒకటే. ముందు కుక్క కావాలంటారు. అమ్మ ఒప్పుకోదు. తర్వాత పిల్లి. నాన్నకి ఎలర్జీ. చివరికి "పోనీ, గినీ పిగ్ అయినా కొనండి" అంటారు.

ఆ "పోనీ" గురించే ఈ వ్యాసం. జంతువు చిన్నది కాబట్టి పనీ చిన్నదే అన్న ధీమా ఆ మాటలో ఉంది. డాలస్ దగ్గర మా ఇంట్లో 2019 నుంచి ఇవి ఉన్నాయి. రెండు కొన్నాం, నాలుగయ్యాయి, ఇప్పుడు మళ్ళీ రెండున్నాయి. ఈ ఏళ్ళలో మేం చూసింది, డాక్టరు గారు నేర్పింది, మా అమ్మ కనిపెట్టింది అన్నీ కలిపి రాస్తున్నాను. తెలుగు చదవడం ఇంకా రాని పిల్లలకి పెద్దవాళ్ళు చదివి వినిపించండి. అసలు ఇందులో పని ఎక్కువ ఉన్నది కూడా పెద్దవాళ్ళకే.

పంది కాదు, గినీదీ కాదు

ముందు పేరు సంగతి చూద్దాం. ఇది పంది కాదు. ఆఫ్రికాలోని గినీకీ దీనికీ సంబంధం లేదు. ఎలుకలు, ఉడతల లాగా కొరికి తినే జంతువుల్లో ఒకటి. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల ప్రాంతం, అంటే పెరూ, బొలీవియా, ఈక్వెడార్ దేశాలవైపు, దీని సొంత ఊరు. అక్కడివాళ్ళు కొన్ని వేల ఏళ్ళ క్రితమే దీన్ని మచ్చిక చేసుకున్నారు. మన పల్లెల్లో ఇంటి కోళ్ళలాగే, తినడానికే. అక్కడ దీన్ని "కూయ్" అంటారు. పెరూలో ఇప్పటికీ విందుల్లో వడ్డిస్తారు. కుస్కో నగరంలోని కెథెడ్రల్‌లో 18వ శతాబ్దంలో మార్కోస్ జపాటా గీసిన లాస్ట్ సప్పర్ చిత్రం ఒకటుంది. అందులో ఏసు ముందు పళ్ళెంలో ఉన్నది కూయ్ అనే చాలామంది చెబుతారు. ఈ సంగతి చెప్పినందుకు మా అమ్మాయి నాతో ఒక పూట మాట్లాడలేదు.

మా అమ్మ 2022లో ఇక్కడికి వచ్చినప్పుడు కేజ్‌లోకి తొంగిచూసి అన్న మొదటి మాట: "ఇదేంట్రా, పందికొక్కుని తెచ్చి హాల్లో పెట్టుకున్నారు?" పిల్లలు పడీ పడీ నవ్వారు. కానీ అమ్మ మాట అంత తీసిపారేయవలసింది కాదు. ఇంగ్లీషులో బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచే పుట్టింది. తర్వాత ఆస్ట్రేలియాలో కనబడిన వేరే జంతువుకి కూడా తెల్లవాళ్ళు అదే పేరు తగిలించారు. కొక్కుకి పంది పేరు కలపడం మనవాళ్ళూ చేశారు, గినీ పిగ్‌కి పంది పేరు పెట్టడం వాళ్ళూ చేశారు. పిల్లలూ, మీ స్కూల్లో ఎవరైనా తెలుగు మాట ఒకటి చెప్పమంటే బాండికూట్ అని చెప్పండి.

ఒకటి చాలదు

గినీ పిగ్‌ని ఒక్కదాన్నే పెంచకూడదు. ఇవి మందగా బతికే జంతువులు. మనం ఎంత ముద్దు చేసినా ఆఫీసుకి, స్కూలుకి వెళ్ళిపోతాం. రోజంతా దానితో దాని భాషలో మాట్లాడే తోడు ఇంకో గినీ పిగ్గే. స్విట్జర్లండ్‌లో 2008లో అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జంతువుల్ని ఒంటరిగా ఉంచడానికి వీల్లేదు. కుందేలు తోడు అవుతుంది కదా అని కొందరు అడుగుతారు. కాదు. కుందేలుకి ఏమీ చేయని బోర్డెటెల్లా అనే బాక్టీరియా గినీ పిగ్‌కి న్యుమోనియా తెప్పించగలదు. పైగా కుందేలు వెనక కాలితో ఒక్క తన్ను తన్నితే దీని ఎముక విరుగుతుంది.

మేం కొన్న పెట్ షాపులో రెండూ ఆడవే అని చెప్పారు. తెల్లదానికి జున్ను అని, గోధుమరంగు దానికి బెల్లం అని మా అమ్మాయి పేర్లు పెట్టింది. పది రోజుల తర్వాత చెకప్‌కి తీసుకెళితే డాక్టరు గారు బెల్లాన్ని వెల్లకిలా తిప్పి ఒక్క క్షణం చూసి, "ఇది అబ్బాయి" అన్నారు. అప్పటికే జున్ను కడుపుతో ఉంది.

పిల్లలకి ఇది సంబరం. డాక్టరుకి కాదు, ఎందుకో ఆవిడే చెప్పారు. గినీ పిగ్ 59 నుంచి 72 రోజులు మోస్తుంది. ఆ శరీరానికి అది చాలా ఎక్కువ కాలం. పిల్లలు పళ్ళతో, ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరిచి పుడతాయి. మొదటి రోజే నడుస్తాయి, ఒకటి రెండు రోజుల్లో గడ్డి కొరుకుతాయి. అంత ఎదిగిన పిల్లలు బయటికి రావాలంటే తల్లి కటి ఎముకలు విచ్చుకోవాలి. ఆరేడు నెలలలోపు మొదటి కాన్పు కాకపోతే ఆ ఎముకలు అతుక్కుపోతాయి. తర్వాత కడుపు వస్తే చాలాసార్లు ఆపరేషనే దిక్కు, లేదా ప్రాణం పోతుంది. జున్ను చిన్నది కాబట్టి గట్టెక్కింది. కాన్పయిన కొద్ది గంటల్లోనే మళ్ళీ కడుపు వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి బెల్లాన్ని ముందే వేరే కేజ్‌లో పెట్టించారు. తర్వాత దానికి ఆపరేషన్ చేయించి, ఆరు వారాలు ఆగి మళ్ళీ కలిపాం.

పిల్లలు రెండు, రెండూ ఆడవే. నల్లదానికి మిరియం అని పేరు. రెండోది బూడిద రంగులో ఉంటుందని మా అబ్బాయి నువ్వు అని పెట్టాడు, నువ్వుగింజ అన్న అర్థంలో. అప్పట్నుంచి మా ఇంట్లో "నువ్వు తిన్నావా?" అంటే ఎవరిని అడుగుతున్నారో ఎవరికీ తెలియదు.

దీనివల్ల చెప్పొచ్చేదేమిటంటే, వీలైతే షాపుకన్నా యానిమల్ షెల్టర్‌కి వెళ్ళండి. ప్రాజెక్టు మారి ఇంకో రాష్ట్రానికి వెళ్ళేవాళ్ళు, పిల్లలకి మోజు తీరిపోయినవాళ్ళు వదిలేసిన గినీ పిగ్స్ అక్కడ ఉంటూనే ఉంటాయి. ఇప్పటికే కలిసి బతుకుతున్న జత దొరకవచ్చు. ఆడో మగో సరిగ్గా చూసి చెబుతారు.

ఇల్లు, చోటు

షాపుల్లో గినీ పిగ్ కేజ్ అని అమ్మేవాటిలో చాలావరకు ఒక గినీ పిగ్‌కి కూడా చాలవు. రెండింటికి కనీసం ఏడున్నర చదరపు అడుగులు కావాలి, పది దాటితే మంచిది. ఇవి పైకి ఎక్కవు, అడ్డంగా పరుగెత్తుతాయి. అందుకని అంతస్తుల కేజ్ కాకుండా నేలమీద పొడుగ్గా ఉన్నది చూసుకోండి. బట్టలు పెట్టుకునే షెల్ఫులకి వాడే తీగ గ్రిడ్లు, యార్డ్ సైన్లకి వాడే ప్లాస్టిక్ షీటు కొనుక్కుంటే ఒక శనివారం మధ్యాహ్నంలో మనమే కట్టుకోవచ్చు. మాది నాలుగింటికి 16 చదరపు అడుగులు. గ్రిడ్ల కన్నాలు పెద్దవైతే పిల్లలు తల దూర్చి ఇరుక్కుంటాయి, అది చూసుకోవాలి. అడుగున తీగల నేల వద్దు, పాదాలు పుండ్లు పడతాయి. దేవదారు రంపపు పొట్టు కూడా వద్దు, ఆ వాసన వీటి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మేం మందపాటి ఫ్లీస్ దుప్పట్లు పరుస్తాం. వారానికి రెండుసార్లు మారుస్తాం.

మన ఇళ్ళకి సంబంధించిన సంగతి ఇంకోటి. కేజ్‌ని వంటింటికి ఆనుకుని పెట్టకండి. ఎండుమిరపకాయల పోపు ఘాటుకి మనమే దగ్గుతాం, నేలకి అడుగు ఎత్తులో ఉన్న చిన్న ఊపిరితిత్తుల సంగతి చెప్పాలా? పూజగదిలో అగరొత్తుల పొగ కూడా అంతే. వీటికి 65 నుంచి 75 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 85 దాటితే వడదెబ్బ. టెక్సస్ జులైలో ఏసీ చెడిపోతే మనకన్నా ముందు వీటి గురించి కంగారు పడాలి. గడ్డకట్టిన నీళ్ళ బాటిల్‌కి తువ్వాలు చుట్టి కేజ్‌లో పెడితే దానికి ఆనుకుని పడుకుంటాయి.

చలి సంగతి 2021 ఫిబ్రవరిలో తెలిసొచ్చింది. టెక్సస్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయిన వారం అది. మా ఇంట్లో థర్మామీటరు 46కి దిగింది. కిటికీ లేని చిన్న బాత్‌రూమ్‌లో నాలుగింటినీ ఒకే అట్టపెట్టెలో, మోచేతి లోతు ఎండుగడ్డిలో పెట్టాం. గ్యాస్ స్టవ్ మీద కాచిన నీళ్ళు బాటిళ్ళలో పోసి, సాక్సులు తొడిగి పక్కన ఉంచాం. పైన దుప్పటి కప్పినా గాలికి సందు వదలాలి. గడ్డిలో దూరి, ఒకదాన్ని ఒకటి ఒత్తుకుని, తింటూ కూర్చున్నాయి. వాటికన్నా మేమే ఎక్కువ వణికాం.

గడ్డి, కొత్తిమీర, కాప్సికం

వీటి తిండిలో ముప్పావు వంతుకి పైగా ఎండుగడ్డే. అది ఇరవైనాలుగు గంటలూ ముందు ఉండాలి. గినీ పిగ్‌కి 20 పళ్ళు, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. జీర్ణాశయం కూడా ఆగని మిల్లు లాంటిది. నా భాషలో చెప్పాలంటే అది ప్రొడక్షన్ సర్వర్, డౌన్‌టైమ్ ఉండకూడదు. పన్నెండు గంటలు తినకపోతే ఎమర్జెన్సీ.

పెద్దవాటికి తిమోతీ గడ్డి వేయాలి. ఆర్నెల్లలోపు పిల్లలకి, కడుపుతో ఉన్నవాటికి అల్ఫాల్ఫా కూడా కలపవచ్చు. మన దగ్గర పాడి పశువులకి వేసే లూసర్న్ గడ్డే ఈ అల్ఫాల్ఫా. అందులో కాల్షియం ఎక్కువ కాబట్టి పెద్దవాటికి అదే పనిగా పెడితే మూత్రాశయంలో రాళ్ళు వస్తాయి. అమ్మ ఇవన్నీ మాకన్నా తొందరగా పట్టేసింది. తిమోతీ గడ్డి గుప్పెడు తీసి వాసన చూసి, "ఇది పచ్చగా ఉండగా కోసి ఎండబెట్టింది. అది ఉత్త చొప్ప, దాన్లో ఏముంది?" అని రెండు సంచులకీ తేడా చెప్పేసింది. నిజంగానే రెండోది గోధుమ చొప్ప, పక్క వేయడానికి తెచ్చినది. గడ్డికీ చొప్పకీ తేడా తెలియక ఆకలితో మాడ్చేవాళ్ళు ఉంటారని డాక్టరు గారు తర్వాత అన్నారు.

ఇక విటమిన్ సి. కుక్కలు, పిల్లులు, ఎలుకలు, ఆవులు తమ ఒంట్లోనే విటమిన్ సి తయారు చేసుకుంటాయి. మనుషులకీ కోతులకీ ఆ శక్తి లేదు. గినీ పిగ్‌కీ లేదు. స్కర్వీ పరిశోధనలో అది పనికొచ్చింది ఈ పోలిక వల్లే. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిష్ అనే ఇద్దరు, ఓడల్లో పనిచేసేవాళ్ళకి వచ్చే జబ్బుల గురించి పరిశోధిస్తూ గినీ పిగ్స్‌కి ఉత్త ధాన్యం పెట్టి చూశారు. వాటికి చిగుళ్ళలోంచి రక్తం, కీళ్ళ నొప్పులు, అంటే నావికుల్ని వందల ఏళ్ళు చంపిన స్కర్వీ వచ్చింది. తాజా కూరగాయలు పెడితే తగ్గింది. అప్పటిదాకా స్కర్వీని జంతువుల్లో పరీక్షించి చూసే మార్గమే లేదు. మనం ఈ రోజు నిమ్మకాయ పిండుకుని తాగుతూ విటమిన్ సి అంటున్నామంటే ఆ గినీ పిగ్స్‌కి కొంత ఋణపడి ఉన్నట్టే.

రోజుకి ఒక్కోదానికి 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. పెల్లెట్లలో కలిపి అమ్ముతారు గానీ సంచి తెరిచి నెలలు గడిస్తే అది తగ్గిపోతుంది. అందుకే చిన్న సంచులే కొనాలి. నీళ్ళలో వేసే చుక్కలు వద్దు, వెలుతురుకి పాడైపోతాయి, పైగా రుచి నచ్చక నీళ్ళే మానేస్తాయి. వీటన్నిటికన్నా సులువైనది ఎర్ర కాప్సికం. వంద గ్రాముల్లో 120 మిల్లీగ్రాములకి పైనే ఉంటుంది, అంటే ఒక్కోదానికి రోజుకి ఒక ముక్క చాలు. దానితోపాటు రోమెయిన్ ఆకులు, కొత్తిమీర. ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కట్టలు ఎందుకన్ని కొంటున్నారని కౌంటర్ దగ్గర అడిగితే మా ఆవిడ "ఇంట్లో నలుగురు ఎక్కువున్నారు" అనేది.

పాలకూర, తోటకూర ఆక్సలేట్ల వల్ల ఎప్పుడైనా రెండాకులు తప్ప వద్దు. గోంగూర అసలే పెట్టం, అది మాకే చాలడం లేదు. క్యారెట్, పండ్లు తీపి కాబట్టి మిఠాయి లెక్క. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, అవకాడో, చాక్లెట్ పొరపాటున కూడా పెట్టకూడదు. అన్నం, రొట్టె, పాలు, పెరుగు కూడా వద్దు. పెరుగన్నం పెట్టకూడదని అమ్మని ఒప్పించడానికి వారం పట్టింది. "పెరుగన్నం పడని ప్రాణి ఉంటుందా?" అనేది.

పిల్లలూ, మీకో సంగతి. ఇవి మాట్లాడతాయి. ఫ్రిజ్ తలుపు చప్పుడు, కవరు గలగల వినబడగానే "వీక్, వీక్" అని ఇల్లెగిరిపోయేట్టు అరుస్తాయి. హాయిగా ఉంటే గొంతులో గురగుర. పళ్ళు టకటకలాడిస్తే కోపం, చెయ్యి పెట్టొద్దు. మరీ సంతోషమైతే ఉన్నచోటే గాల్లోకి ఎగిరి పక్కకి తిరుగుతాయి. మూకుడులో పేలాలు ఎగిరినట్టే ఉంటుంది, అందుకే ఇక్కడ దాన్ని పాప్‌కార్నింగ్ అంటారు. ఎత్తుకునేటప్పుడు మాత్రం నేలమీద కూర్చుని, ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనకకాళ్ళ కింద పెట్టి ఎత్తుకోవాలి. నిలబడి ఎత్తుకుంటే, జారి పడితే అంతే సంగతులు.

ఆదివారం తూకం

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటాను అంటే ఇది గుర్తుంచుకోండి. గినీ పిగ్ జబ్బుని దాచిపెడుతుంది. మందలో నీరసంగా కనబడినదాన్నే గద్ద ఎత్తుకుపోతుంది కాబట్టి, నొప్పి ఉన్నా లేనట్టే ఉండటం దాని రక్తంలో ఉంది. మనకి జబ్బుగా కనబడే రోజుకి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. కంటికి దొరకనిది తూకానికి దొరుకుతుంది. వంటింట్లో పిండి తూచుకునే ఎలక్ట్రానిక్ త్రాసు, మీద ఒక గిన్నె, అంతే. ప్రతి ఆదివారం పొద్దున్న ఒక్కోదాన్ని తూచి ఎక్సెల్ షీట్‌లో రాస్తాం. మా ఆవిడ "ఇంట్లో కూడా రిపోర్టులేనా" అంటుంది. యాభై గ్రాములు తగ్గితే మర్నాడు మళ్ళీ తూస్తాం. పదో వంతు తగ్గితే డాక్టరు దగ్గరికే.

2022 అక్టోబరులో జున్ను 940 గ్రాముల నుంచి 910కి, తర్వాతి వారం 865కి వచ్చింది. చూడటానికి మామూలుగానే ఉంది. తిండి వేస్తే అందరికన్నా ముందు పరుగెత్తుకొస్తోంది. అప్పుడు కేజ్ దగ్గర కూర్చుని చూసిన మా అమ్మ అసలు సంగతి పట్టుకుంది. "ఇది తింటం లేదురా. నోట్లో పెట్టుకుంటోంది, కిందికి వదిలేస్తోంది." పెంటికలు కూడా చిన్నవైపోయాయి. ఊళ్ళో బర్రెల్ని చూసుకున్న కళ్ళు అవి, మా ఎవరికీ లేవు.

లోపలి దవడ పళ్ళు రెండువైపుల నుంచీ వంగి పెరిగి, నాలుక మీద వంతెనలా కలుసుకున్నాయి. నాలుక కదపలేక మింగలేకపోతోంది. మత్తు ఇచ్చి పళ్ళు అరగదీశారు. అంతటితో అయిపోలేదు. దవడ కండరాలు కుదురుకునేదాకా గడ్డి పొడితో చేసిన ఆహారాన్ని నీళ్ళలో కలిపి, సిరంజితో, పెదవి పక్కనుంచి కొంచెం కొంచెంగా పెట్టాలి. మూడు నాలుగు గంటలకోసారి, రాత్రిళ్ళు కూడా. ఒక్కసారిగా తోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నమిలి మింగేదాకా ఆగాలి. మేం డ్యూటీలు వేసుకున్నాం. రాత్రి పదకొండు మా ఆవిడది, రెండు గంటలది నాది, ఎలాగూ ఆఫ్‌షోర్ కాల్స్ ఉండేవి. తెల్లారి ఐదు మా అమ్మది. నేను లేచి వచ్చేసరికి అమ్మ ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, జున్నుని కూర్చోబెట్టుకుని "తినవే తల్లీ, ఇంకొక్క ముద్ద" అంటూ ఉండేది. అది పందికొక్కు అన్న మాట ఆ తర్వాత అమ్మ నోట వినలేదు. పద్దెనిమిది రోజులకి జున్ను తనంతట తను గడ్డిపరక నమిలింది.

మందుల విషయంలో ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో ఇండియా నుంచి తెచ్చుకున్న అమాక్సిసిలిన్ స్ట్రిప్పు ఒకటి ఉంటుంది కదా. అది గినీ పిగ్‌కి విషం. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే దాని పొట్టలో మంచి బాక్టీరియా చచ్చిపోయి, చెడ్డవి పెరిగి, కొద్ది రోజుల్లో ప్రాణం పోతుంది. కుక్కలకీ పిల్లులకీ మాత్రమే వైద్యం చేసే డాక్టరుకన్నా, ఎగ్జాటిక్ అని బోర్డు ఉన్న వెట్ ఎక్కడున్నారో కొనకముందే తెలుసుకోవాలి. శనివారం రాత్రి వెతుక్కోవడం మొదలుపెడితే దొరకరు.

ఆ చికిత్సకి మాకు దాదాపు 700 డాలర్లయింది. ఒక పాట్‌లక్‌లో ఈ మాట వస్తే ఒక మిత్రుడు "ఆ డబ్బుకి పదిహేను కొత్తవి వచ్చేవి కదండీ" అన్నాడు. ఆయన లెక్క తప్పు కాదు. కానీ మా అమ్మాయి అక్కడే ప్లేటు పట్టుకుని నిలబడి ఉంది. నా అభిప్రాయం ఇది: ఎంతవరకు ఖర్చు పెట్టగలమో కొనకముందే భార్యాభర్తలిద్దరూ మాట్లాడుకోండి. పెట్టలేకపోవడంలో తప్పేమీ లేదు, అందరి పరిస్థితీ ఒకటి కాదు. నొప్పి లేకుండా పంపించే మార్గం కూడా డాక్టరు దగ్గర ఉంటుంది. చేయకూడనిది ఒక్కటే, "చూద్దాం, రేపటికి తగ్గుతుందేమో" అని కేజ్‌లో వదిలేయడం.

ఇండియా వెళ్ళేటప్పుడు

మన కుటుంబాలకి ఇది పెద్ద సమస్య. సెలవులకి ఐదారు వారాలు వెళతాం. పూలకుండీలు, పోస్టు పక్కింటివాళ్ళకి అప్పజెప్పినట్టు వీటిని అప్పజెప్పలేం. 2023 డిసెంబరులో మేం వెళ్ళినప్పుడు ఒక తెలుగు కుటుంబం వాళ్ళ ఇంట్లో పెట్టుకున్నారు. ముందు ఒక వారాంతం ట్రయల్ చేశాం. గడ్డి, పెల్లెట్లు, డాక్టరు నంబరు, ఖర్చుకి కార్డు, ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో రాసిన ఒక పేజీ ఇచ్చాం. త్రాసు కూడా ఇచ్చాం. ప్రతి ఆదివారం వాళ్ళ అబ్బాయి నాలుగు అంకెలు వాట్సాప్‌లో పంపేవాడు. తెనాలిలో పెళ్ళిభోజనం మధ్యలో నేను ఆ అంకెలు చూసుకుంటుంటే మా మావయ్య "షేర్ల ధరలా అల్లుడూ?" అన్నారు. తర్వాతి వేసవిలో వాళ్ళ తాబేలుని మేం చూసుకున్నాం. మన అసోసియేషన్‌లో పెంపుడు జంతువులున్న ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఒకరికొకరు ఇలా సాయం చేసుకునే పద్ధతి పెట్టుకుంటే ఖర్చూ తగ్గుతుంది, ప్రాణమూ కుదుటపడుతుంది.

ఇవి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతాయి. నాలుగో క్లాసు పిల్ల అడిగిందని కొంటే, ఆ పిల్ల హైస్కూల్లో ఉండగా పోతాయి. బెల్లం 2024 చలికాలంలో నిద్రలోనే పోయింది. జున్నుకి ఆ పళ్ళ సమస్య మళ్ళీ మళ్ళీ వచ్చింది. నాలుగైదు నెలలకోసారి మత్తు, మళ్ళీ సిరంజి. 2025లో డాక్టరు గారు ఎక్స్‌రే చూపించి, పళ్ళ కుదుళ్ళు దవడలోకి దిగిపోయాయి, ఇంకోసారి చేస్తే నెల తర్వాత మళ్ళీ ఇదే అని చెప్పారు. మా అమ్మాయికి అప్పటికి పదహారేళ్ళు. గదిలోంచి బయటికి పంపుదామా అని నేను ఆలోచిస్తుండగానే అడిగింది, "దానికి ఇప్పుడు నొప్పిగా ఉందా?" ఉందన్నారు డాక్టరు. "అయితే వద్దు" అంది. చివరిదాకా దాని మీద చెయ్యి వేసి తనే కూర్చుంది. ఆ రాత్రి వాళ్ళ నానమ్మకి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. తలుపు వేసుకుని మాట్లాడింది కాబట్టి ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

డాక్టరు గారి సలహా మీద జున్నుని ఇంటికి తెచ్చి కాసేపు కేజ్‌లో ఉంచాం. మిరియం, నువ్వు వచ్చి వాసన చూశాయి. మిరియం దాని చెవి నాకింది. తర్వాత రెండూ గడ్డి దగ్గరికి వెళ్ళిపోయాయి. ఇలా చూపించకపోతే తోడు ఎక్కడికి పోయిందోనని వెతుక్కుంటాయట.

మా అమ్మాయి వచ్చే ఏడు కాలేజీకి వెళుతుంది. డార్మ్‌లో వీటిని ఉంచనివ్వరు. ఆదివారం తూకం ఇప్పటికే మా అబ్బాయి చేతికి వచ్చేసింది. ఎక్సెల్ షీట్‌కి వాడేదో గ్రాఫ్ కూడా పెట్టాడు. మొన్న ఆదివారం మిరియం 1,010, నువ్వు 935. నువ్వు కిందటి వారం కన్నా 20 గ్రాములు తక్కువ. బుధవారం మళ్ళీ తూయాలి.